తడి ఆరని విమానం

"చావబోయేవాడికి భూతద్దం దేనికి?"

దౌలత్ ఖైరీ ఆ మాట అడిగింది మనిషిని కాదు, గోడకున్న మేకుని. అయిదంతస్తుల మేడ మీద, పావురాల గూటి పక్కన రేకుల గది. కిటికీ కింద పొడుగాటి బల్ల. బల్లకి ఎడంపక్క గోడకి ఆ మేకు. దానికి ఏళ్ల తరబడి ఏదో వేలాడి వేలాడి వెనక సున్నం నున్నగా అరిగిపోయింది. ఇప్పుడు వట్టి మేకు మిగిలింది.

"నాన్న తలకి కట్టుకునే భూతద్దం మేడమ్," అంది గుమ్మంలో నిలబడ్డ మహాసిన్. "పనిలో కూర్చుంటే తప్ప దాన్ని మేకు మీంచి తియ్యడు. నేను దుమ్ము దులపడానికొచ్చినా, 'చెయ్యి తియ్యి, రంగు ఆరలేదు' అని గదమాయిస్తాడు. ఆరిపోయి నెలైన విమానాన్ని ముట్టుకున్నా అదే మాట."

గదమాయిస్తాడు అంది, గదమాయించేవాడు అనలేదు. దౌలత్‌కి ఆ పిల్లలో నచ్చింది అదే. తొమ్మిది రోజులుగా వీధి వీధంతా వాళ్ల నాన్నని 'పాపం, ఎంత మంచివాడో' అని సాగనంపేస్తోంది. ఈ అమ్మాయి మాత్రం ఒక్కసారి కూడా ఆయన్ని గతంలోకి నెట్టలేదు.

వాళ్ల నాన్న నజ్మీ. చేతిపనిలో ఆరితేరినవాడని అందరూ ఉస్తా నజ్మీ అంటారు. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. అసలు విమానాలు చేతిలోంచి పోయాక ప్లాస్టిక్ విమానాలు పట్టుకున్నాడు. పెట్టెలో ముక్కలుగా వచ్చే కిట్లు, అసలుదానిలో ముప్పై రెండో వంతు, ఒక్కొక్కటీ మూరెడు పొడుగు. అలెగ్జాండ్రియాలో ఆ పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఆయనే పెద్ద దిక్కు. తొమ్మిది రోజుల కింద కనపడకుండా పోయాడు. మర్నాడు సీదీ బిష్ర్ తీరంలో రాళ్ల మీద ఆయన చెప్పులు, కళ్లజోడు దొరికాయి. పోలీసులు ఆయన్ని సముద్రం ఖాతాలో రాసేశారు.

దౌలత్ అదే పోలీసుశాఖలో పాతికేళ్లు నేరపరిశోధన చేసింది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని అన్నం కూరి వండే దోల్మాకి వంకాయలు తొలవడం చేతకాక, సొంతంగా కేసులు పట్టుకుంటోంది. భుజానికి పెద్ద సంచీ, సంచీలో ఉప్పేసిన గుమ్మడిగింజలు, నోట్లో ఎప్పుడూ ఒకటి.

"ఇంకేం పోయాయో చెప్పు తల్లీ."

"నూనె రంగుల పెట్టె. పట్టకారు. సన్న కుంచెలన్నీ." మహాసిన్ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "ఇంకా, విమానం. మిగ్. నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు స్వయంగా చూసుకున్న విమానం మేడమ్ అది, అదే నంబరుతో చేశాడు. రంగులు కొట్టడం అయిపోయింది. వయసు పొయ్యడమే మిగిలింది."

"వయసేంటి?"

"కొత్త విమానం ఎవడైనా చేస్తాడంటాడు నాన్న. దాన్ని పాతదాన్ని చెయ్యడంలో ఉంది పనంతా. నూనె ఎక్కడ కారుతుంది, ఎండకి ఏ రంగు ఎంత వెలుస్తుంది, ఎవరి బూటు ఎక్కడ రాసుకుంటుంది, అవన్నీ నూనె రంగులతో పొట్ట మీదా రెక్కల మీదా వెయ్యాలి. చివర్న చక్రాలకి మట్టి. నాన్న కొన్న మట్టి వాడడు. ఆ విమానం ఏ నేల మీద దిగిందో ఆ నేల మట్టే తెచ్చి, నా పాత మేజోడులో పోసి జల్లిస్తాడు."

దౌలత్ అర వైపు చూసింది. గాజు సీసాల్లో పసుపు, ఎరుపు, బూడిద రంగు మట్టి. ఒక సీసా మూతకి ఆ మిగ్ నంబరే రాసి ఉంది. సీసా అంచుదాకా నిండుగా ఉంది.

"మట్టిని మాత్రం వదిలేశారన్నమాట," అంది దౌలత్, గింజ పొట్టు చేతిలోకి ఊసి. "కుంచెలు కావాలని తెలిసినవాడికి మట్టి కావాలని తెలీలేదు."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు, దాని వెనకే ఆయాసం, దాని వెనకే మేజర్ వగ్దీ. వేసవి తెల్ల యూనిఫాం ఇస్త్రీ మడత నలగకుండా, పావురాల రెట్ట తగలకుండా పక్కకి పక్కకి నడుస్తూ వచ్చాడు.

"మేడమ్ దౌలత్! రిటైరయ్యాక బొమ్మలతో ఆడుకుంటున్నారని విన్నా. నమ్మలేదు సుమండీ."

"నమ్మకపోవడం నీకు పుట్టుకతో వచ్చింది బాషా. చూడకుండా రిపోర్టు రాయడం మాత్రం నేనెంత తన్నినా మాన్పించలేకపోయా."

వగ్దీ ఒకప్పుడు ఆవిడ కింద శిక్షణ పొందినవాడు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి. పోలీసు అధికారుల్ని జనం మర్యాదగా పిలిచే 'బాషా' ఆవిడ నోట వెటకారంగానే వస్తుంది.

"చూశాను. చెప్పులు చూశా, కళ్లజోడు చూశా, అలలు చూశా. ముసలాయన రాళ్ల మీద జారాడు. అంతే."

"జారేముందు ఇంటికొచ్చి భూతద్దం, రంగులపెట్టె, విమానం పట్టుకుని జారాడా?"

"దొంగ పట్టుకెళ్లుంటాడు. ఇల్లు ఖాళీగా ఉంది కదా."

"తాళం పగల్లేదు. రంగు కొట్టే కంప్రెసరు చూడు, కొత్తది, చంకలో పెట్టుకుపోవచ్చు. దాన్ని వదిలేసి సగం పిండేసిన రంగు గొట్టాలు ఎత్తుకుపోయే దొంగని నీ సర్వీసులో ఎక్కడైనా చూశావా?"

వగ్దీ మాట మార్చాడు. "చూడండి మేడమ్. ఈరోజు పొద్దువాలే అసర్ నమాజయ్యాక ఫైలు మీద సంతకం పెడుతున్నా. పడవలు వెనక్కి వచ్చేస్తాయి, వెతుకులాట ఆగిపోతుంది. ఈలోపు సముద్రపొడ్డు క్లబ్బులో బొమ్మ విమానాల ప్రదర్శన, గవర్నరుగారు వస్తున్నారు, బందోబస్తు నాది. పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లని గాలికొదిలెయ్యలేను."

మహాసిన్ మొహం పాలిపోయింది. వగ్దీ అది చూసి కొంచెం తగ్గాడు. "ఏమనుకోకమ్మా," అని గొణిగి, వచ్చినట్టే పక్కకి పక్కకి నడుచుకుంటూ దిగిపోయాడు.

దౌలత్ సంచీ సర్దుకుంది. "ఈ గదికి ఎవరెవరు వస్తారు?"

"డాక్టర్ లబీబ్ ఒక్కడే మేడమ్. పళ్ల డాక్టరు. ప్రతి గురువారం వస్తాడు. మెక్స్‌లో మడులున్న ఉప్పు వ్యాపారుల ఇంటి అల్లుడు, పండక్కి మాకు ఉప్పు మూట పంపి నవ్విస్తాడు. మంచివాడే. ప్రతి ఏడూ ప్రదర్శనలో మొదటి బహుమతి ఆయనదే."

"మరి మీ నాన్నకి?"

"నాన్న ఎప్పుడూ పెట్టలేదు. చేస్తాడు, కొన్నాళ్లకి ఆ విమానం అరలో ఉండదు. ఏమైందంటే స్నేహితుడికిచ్చేశా అంటాడు." మహాసిన్ తన మాటకి తనే ఆగిపోయింది. తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంది. "ఈసారి మాత్రం నా పేరుతో పెడతానన్నాడు. ఇది నా విమానం, దీన్ని ఎవరికీ ఇవ్వను అన్నాడు. చివరి గురువారం డాక్టరుగారి ముందే అన్నాడు."

"పద," అంది దౌలత్. "బొమ్మలు చూసొద్దాం."

*

క్లబ్బు హాల్లో బల్లలన్నీ నిండి ఉన్నాయి. గుమ్మానికెదురుగా, అన్నిటికంటే ఎత్తు బల్ల మీద, గాజు పెట్టెలో ఇసుక రంగూ ఆకుపచ్చ కలిసిన ఒక మిగ్. కింద పలక మీద డాక్టర్ లబీబ్ పేరు. తోకమీద నంబరు వేరు.

మహాసిన్ గాజుకి మొహం ఆనించింది.

"నంబరు మార్చారు మేడమ్. ఇది నాన్న చేతిపనే. నాకు ఒట్టేసి చెప్పమన్నా చెప్తా."

"గట్టిగా అనకు. చేతిపని అని కోర్టులో చెప్తే నవ్వుతారు. ఇంకేం కనిపిస్తోంది?"

అమ్మాయి విమానం చుట్టూ మెల్లిగా తిరిగింది. కుడిపక్కకి రాగానే నుదురు ముడిపడింది. "ఇదేంటి? ఇది తప్పు."

"ఏది?"

"కాక్‌పిట్ అంచున చూడండి, బూట్లు రాసుకుని రంగు లేచిపోయి లోపలి లోహం కనపడ్డట్టు వేశాడు. కుడిపక్క వేశాడు. ఈ మిగ్‌కి అద్దం మూత కుడివైపుకే తెరుచుకుంటుంది, ఇదుగో, తెరిచే అతికించి ఉంది. నిచ్చెన ఎప్పుడూ ఎడంపక్కే. మూత అడ్డం ఉన్న వైపునుంచి పైలట్ ఎలా ఎక్కుతాడు? అద్దంలోంచి దూరతాడా?" వేలితో గాజు మీద కొట్టి చూపించింది. "ఎన్నేళ్లో ఆ నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మనిషి మేడమ్ మా నాన్న. నిద్రలో కూడా ఈ తప్పు చెయ్యడు."

"చెయ్యడు కదా," అంది దౌలత్ నెమ్మదిగా. "అయితే కావాలనే చేశాడు. తెలిసినవాళ్లు చూసి ఆగాలని."

ఈలోపు డాక్టర్ లబీబ్ నవ్వుతూ వచ్చాడు. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి, అత్తరు పూసి, గవర్నరు కోసం తయారుగా ఉన్నాడు. మహాసిన్‌ని చూడగానే నవ్వు తీసేసి దుఃఖం తగిలించుకున్నాడు.

"ఏమ్మా, నువ్వూ వచ్చావా! నాకు గురువులాంటి వాడు మీ నాన్న. చూపు ఆనక ఆ రాళ్ల మీద..."

"అల్లా దయ," అంది దౌలత్ మధ్యలోనే. "నేను వాళ్లింటి దాన్నిలెండి డాక్టరుగారూ. ఈ బొమ్మల గురించి నాకు ఓనమాలు రావు. ఎంత ముచ్చటగా ఉందో! ఎప్పుడు చేశారేం?"

"రంజాన్‌కి ముందే పూర్తయింది. అప్పట్నుంచీ ఈ గాజులోనే. దుమ్ము పడకూడదుగా."

"అప్పట్నుంచీ పెట్టె తెరవనే లేదూ?"

"ముట్టుకోనే లేదు."

"ఇక్కడ రంగు లేచిపోయిందేం పాపం?" దౌలత్ కుడిపక్క గీతల్ని చూపించింది.

లబీబ్ జాలిగా నవ్వాడు. "అదే మేడమ్ అసలు కళ! పైలట్ ఎక్కేటప్పుడు బూటు రాసుకుంటుంది. చూసేవాడికి ఆ మనిషి ఇప్పుడే ఎక్కి దిగాడనిపించాలి."

"ఓహో. ఈ పక్కనుంచే ఎక్కుతాడా?"

"ఇంకెక్కణ్ణుంచి?"

మహాసిన్ నోరు తెరవబోయింది. దౌలత్ ఆ అమ్మాయి కాలు మెల్లిగా తొక్కింది.

"మళ్లీ ఏడాదికి ఏం చేస్తారు?"

"ఇంకేం చెయ్యను. ఇదే నా ఆఖరి విమానం." లబీబ్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "కొత్త మ్యూజియంలో విమానాల గది నాకే అప్పజెపుతున్నారు, గవర్నరుగారు ఈరోజే ప్రకటిస్తారు. ఇక చూడటమే, చెయ్యడం లేదు."

గుమ్మం దగ్గర నుంచి వగ్దీ వీళ్లని చూడనే చూశాడు. గబగబా వచ్చాడు.

"మేడమ్, ఇక్కడ కూడానా? డాక్టరుగారిని విసిగించకండి."

"విసిగించడం లేదు బాషా. ఓ మాట అడిగా అంతే. ఈ విమానం ఆరి రెండు మూడు నెలలైందట, పెట్టె తెరవనే లేదట. నువ్వు సాక్షివి."

"అయితే ఏంటట?"

"నాకెందుకో ఇది ఇంకా తడిగా ఉందనిపిస్తోంది. గాజుకి లోపల్నుంచి మసక పట్టింది చూడు. నేను ముట్టుకుంటే తప్పు పడతావు."

"తడి! బొమ్మకి తడని ఫైలు ఆపమంటారు, ఇంకాసేపటికి దానికి జలుబు చేసిందంటారు!" వగ్దీ పకపకా నవ్వి, గాజుపెట్టె పైకెత్తాడు.

"వద్దు సార్!" అన్నాడు లబీబ్. గొంతు కీచుగా వచ్చింది.

అప్పటికే వగ్దీ విమానాన్ని ఎత్తి, అంత బరువుంటుందనుకోక ఛాతీకి ఆనించుకున్నాడు. "చూశారా? ఎండి ఎముకలా..." అంటూ తిరిగి బల్ల మీద పెట్టాడు. అందరూ ఆయన యూనిఫాం వైపే చూస్తున్నారు. తెల్లచొక్కా మీద, జేబు కిందుగా, జానెడు పొడుగున చిక్కటి కాఫీ రంగు మరక.

"యా ఖబర్!" అని అరిచాడు వగ్దీ. "గవర్నరుగారు వస్తున్నారు! ఇదేం పాపం! నీళ్లు తెండి! సబ్బు తెండి!" జేబురుమాలు తీసి రుద్దాడు. మరక ఇంకాస్త పరుచుకుంది.

"రుద్దకు, నూనె రంగు," అంది దౌలత్. "మందంగా వేస్తే వారం దాకా ఆరదట. రంజాన్‌కి ముందు వేసిన రంగు నీ చొక్కాకి ఎలా అంటిందో రిపోర్టులో ఏమని రాస్తావు బాషా?"

వగ్దీ చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. మరక వైపు చూశాడు, విమానం వైపు చూశాడు.

"డాక్టరే మొన్న వేసుకుని ఉండొచ్చు," అన్నాడు, కానీ గొంతులో ముందున్న ధీమా లేదు.

"అమ్మాయ్, పొట్ట చూడు."

మహాసిన్ విమానాన్ని రెక్కల అంచులు పట్టుకుని ఒడుపుగా తిప్పింది. నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి అది, వేళ్లు ఎక్కడా రంగు మీద పడలేదు. చక్రం ముడుచుకునే గుంటకి ఒక చిన్న తలుపు. ఆ తలుపు లోపలివైపు, వెంట్రుకలంత సన్నగా, పక్కపక్కనే నాలుగు గీతలు. తడితో మెరుస్తున్నాయి.

ఆ అమ్మాయి ఒక్కసారిగా ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

"నాన్న! మేడమ్, ఇది నాన్నే! విమానం కింద పనిచేసి బయటికొచ్చేటప్పుడు చేతికి నూనె అంటితే ఆ తలుపుకే తుడిచేవాడట. పై అధికారి ఎన్నిసార్లు తిట్టినా మానలేదట. ఆ జ్ఞాపకానికి చేసిన ప్రతి విమానానికీ అక్కడ నాలుగు వేళ్లు వేస్తాడు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది రోజుల కింద పోయిన మనిషి వేళ్లు ఇంకా తడిగా ఎలా ఉంటాయి సార్? మీరే చెప్పండి!"

వగ్దీ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

దౌలత్‌కి ఒంట్లో కొత్త ప్రాణం వచ్చినట్టయింది. ఈ కేసు ఒప్పుకున్నప్పుడు, ఎలాగో శవాన్నైనా ఆ పిల్లకి అప్పగించాలనే అనుకుంది. ఆ మాట పైకి అననందుకు ఇప్పుడు సంతోషించింది. చక్రాలు చూసింది. వాటి మీద మట్టి లేదు. తెల్లటి పొడి, అక్కడక్కడ లేత గులాబీ రంగు. వేలితో గోకి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు."

"ఏదీ," అని వగ్దీ కూడా గీకి నాకాడు. "ఈ గులాబీ ఉప్పు మెక్స్‌దే. పడమటి మడుల్లో నీళ్లు ఇంకేటప్పుడు ఇలా రంగు తిరుగుతుంది. నా మొదటి పోస్టింగు అక్కడే."

"తీసుకుపోయినవాడు మట్టి సీసా మర్చిపోయాడు. ఏ నేల మీద ఉంటే ఆ నేలే చక్రాలకి పూశాడు ముసలాయన. మనకి అడ్రసు పంపాడు బాషా, ఈ డాక్టరు అత్తారి మడులే. ఇక డాక్టరుగారే..."

దౌలత్ వెనక్కి తిరిగింది. లబీబ్ లేడు. అందరూ మరకని చూస్తున్నప్పుడే జారుకున్నాడు. బయట కారు కీచుమని మలుపు తిరిగిన చప్పుడు వినపడింది.

*

జీపులో వగ్దీ తనే స్టీరింగు పట్టుకున్నాడు. గవర్నరు బందోబస్తు సార్జెంటుకి అప్పగించి, ఫైలు సంగతి ఎత్తకుండా వచ్చేశాడు. వెనక సీట్లో మహాసిన్, ఒళ్లో విమానం.

"ఆయనెందుకిలా చేస్తాడు మేడమ్? నాన్న అడిగితే ఇచ్చేవాడే."

"ఈసారి అడిగితే ఇవ్వనన్నాడుగా. ఇన్నేళ్ల బహుమతులూ మీ నాన్నవేనని తెలిస్తే మ్యూజియం పోతుంది, పరువు పోతుంది. ఎత్తుకెళ్లి, చెప్పులూ కళ్లజోడూ రాళ్ల మీద పెట్టొచ్చి, పూర్తిచెయ్యి, ఇంటికి పంపిస్తా అనుంటాడు. మీ నాన్న నమ్మినట్టు నటించి ఉంటాడు."

"మరి పూర్తయిందిగా. పంపలేదేం?"

దౌలత్‌కి క్లబ్బులో విన్న మాట గుర్తొచ్చింది. ఇదే నా ఆఖరి విమానం అన్నాడు లబీబ్, గుండె మీద చెయ్యేసుకుని. ఆఖరిదైతే ఇక ఆ చేతులతో అతనికి పనిలేదు. ఊరు దృష్టిలో ఆ చేతుల మనిషి ఎప్పుడో మునిగిపోయాడు. ఇప్పుడు పోయినా అడిగేవాడు లేడు.

"తొక్కు వగ్దీ," అంది. బాషా అనలేదు.

ఉప్పు మడుల మధ్య కట్ట మీద జీపు ఎగిరెగిరి పడుతూ పోయింది. కట్ట చివర వరసగా రేకుల కొట్టాలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అన్నిటికీ తాళాలే. లబీబ్ కారు మాత్రం ఎక్కడా కనపడలేదు.

"ఏదని వెతుకుతాం?" వగ్దీ జీపు ఆపి దిగాడు. "ఒక్కొక్కటీ పగలగొట్టుకుంటూ పోతే..."

"అదుగో!" మహాసిన్ లేచి నిలబడింది. "ఆ మూడో కొట్టం కిటికీ చూడండి!"

కిటికీకి ఇనప ఊచలు. ఊచల బయట చెక్క తలుపు. ఆ చెక్క మీద, లోపల్నుంచి చెయ్యి చాపితే అందే చోట, మనిషి నాలుగు వేళ్లు తుడిచిన కాఫీ రంగు మరక. ఒకటి కాదు. మరక మీద మరక, పనిచేసినన్నాళ్లూ తుడిచినట్టుంది.

ముగ్గురూ పరుగెత్తారు. దగ్గరికెళ్లేసరికి గుప్పుమని టర్పెంటైన్ వాసన. రంగు కలుపుకోవడానికి అంత టర్పెంటైన్ అక్కర్లేదు. కొట్టం వెనక కారు. తలుపు ముందు నేలంతా తడి. ఆ తడి అంచున ఖాళీ డబ్బా, దాని పక్కన డాక్టర్ లబీబ్, చేతిలో అగ్గిపెట్టె.

"రాకండి!" అన్నాడు. "ఒక్క అడుగు వేశారంటే గీస్తా!"

వగ్దీ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. దౌలత్ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. లబీబ్ వేళ్లు చూసింది. పుల్ల తియ్యడానికి పెట్టె తెరిచాడు, వణుకుతో సగం పుల్లలు కింద పోశాడు. ఒక పుల్ల గీశాడు, విరిగింది. ఇంకోటి తడిలో పడింది.

"డాక్టరుగారూ," అంది దౌలత్, మెల్లిగా నడుస్తూ. "మీ పనులన్నీ ఇన్నాళ్లూ ఇంకొకళ్ల చేత చేయించుకున్నారు. ఇది మాత్రం మీ చేత్తో అవుతుందా? ఇలా ఇవ్వండి."

చెయ్యి చాపింది. లబీబ్ ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత ఆవిడ వెనక, విమానాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చూశాడు. అగ్గిపెట్టె దౌలత్ అరచేతిలో పెట్టి, ఉప్పు మీద కూలబడి, ఎక్కెక్కి ఏడ్చాడు.

"జారి పడ్డాడు మేడమ్... తీసుకొచ్చేటప్పుడు మెట్ల మీద పెనుగులాటలో కాలు మెలిక పడింది... నేనే కట్టు కట్టా... చంపుదామని కాదు..."

"అవన్నీ స్టేషన్లో చెప్పు," అన్నాడు వగ్దీ. వెనక్కి నాలుగడుగులు వేసి, తెల్ల యూనిఫాంతో సహా తలుపుని భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. "పోతే పోయింది వెధవ చొక్కా," అని ఇంకోసారి గుద్దాడు. గడియ ఊడి తలుపు లోపలికి పడింది.

లోపల చీకటి. మహాసిన్ అందరినీ తోసుకుని ముందు పోయింది. గుమ్మంలో నిలబడి, ఏమీ కనపడక, "నాన్నా?" అంది.

మూలనుంచి ఒక దగ్గు వినపడింది. తర్వాత కుర్చీ కిర్రుమంది. తలకి భూతద్దం, కాలికి కట్టు, గడ్డం మాసి, చిక్కిపోయిన ఒక ముసలాయన కళ్లు చికిలించి గుమ్మంవైపు చూశాడు. ముందు కూతుర్ని కాదు, కూతురి చేతుల్లో ఉన్నదాన్ని చూశాడు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అన్నాడు ఉస్తా నజ్మీ. "పొట్ట కింద నుంచి చెయ్యి తియ్యి. రంగు ఆరలేదు."